మధుమేహ నియంత్రణే మూత్రపిండాలకు రక్ష

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడే వరకు కర్నూలు జిల్లాలో అంతర్భాగాలు. వర్షాభావం, ఫ్లోరైడ్ కలిసిన భూగర్భ జలం, మూత్రపిండాల వ్యాధులు ఈ మెట్ట ప్రాంత ప్రజలను చిరకాలంగా పీడిస్తున్నాయి. వీటికి మధుమేహం తోడైతే ముప్పు రెట్టింపవుతుంది.

భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో జరిగి, 2023లో ప్రచురితమైన అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మంది మధుమేహ పీడితులున్నారు.

నిర్ధారణ: పరగడుపున రక్తంలో గ్లూకోజ్ డెసిలీటరుకు 126 మిల్లీగ్రాములు, లేదా మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ 6.5 శాతం, అంతకు మించి ఉన్నచో మధుమేహంగా పరిగణిస్తారు. లక్షణాలు లేనివారికి మరల పరీక్షించి నిర్ధారిస్తారు. 30 ఏళ్లు నిండినవారు సమీప ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పరీక్ష చేయించుకొనుట శ్రేయస్కరం.

ఆహారం: ఈ నేలలో పండే సజ్జ, కొర్ర, జొన్న తెల్లబియ్యం కన్నా పీచు అధికంగా గలవి. అయితే వీటినీ మితంగానే భుజించవలెను. వారానికి 150 నిమిషాల వేగపు నడక అవసరం.

జాగ్రత్తలు: కీళ్ల నొప్పులకు వైద్యుని సలహా లేక నొప్పి మాత్రలు వాడరాదు, అవి మూత్రపిండాలను దెబ్బతీయగలవు. ఏటా క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్, కళ్ల పరీక్షలు తప్పనిసరి. పలకల గనులలో, పొలాలలో పనిచేసే మధుమేహులు పాదరక్షలు ధరించి, నిత్యం పాదాలను పరిశీలించుకొనవలెను. వణుకు, చెమట, తడబాటు కలిగి గ్లూకోజ్ 70కి తగ్గినచో వెంటనే మూడు చెంచాల పంచదార కలిపిన నీరు త్రాగవలెను.

వ్యాధి లక్షణాలు తగ్గినవని మందులు మానివేయుట ప్రమాదకరం. క్రమం తప్పని చికిత్సయే దీర్ఘాయువుకు మార్గం.