వయసు, మెదడు ఎదుగుదల, ఆత్మహత్య ముప్పు: వరంగల్ నేపథ్యం

వరంగల్ శివారులోని ఎనుమాముల వ్యవసాయ మార్కెట్ ఆసియాలోని పెద్ద యార్డుల్లో ఒకటి. పొద్దున్నే జెండా పాటతో ఇక్కడ పత్తికి, మిర్చికి ఆనాటి ధర తేలుతుంది. పాటలో ఎంత పలికినా తేమ ఉందనో, రంగు మారిందనో చాలా బస్తాలకు అంతకన్నా తక్కువే కడతారు. విత్తనాల దుకాణంలో ఉద్దెర, దాని మీద మిత్తి, పిల్లల ఇంటర్ ఫీజు ఆ తేడాలోనే చిక్కుకుంటాయి. అటు నడివయసు రైతులు, ఇటు ఇరవై నిండని విద్యార్థులు: తెలంగాణను ఎక్కువగా కలచివేసిన ఆత్మహత్యలు ఈ రెండు వయసుల వారివే.

వయసుకూ ఆత్మహత్యకూ ఉన్న సంబంధాన్ని లెక్కలతో చూపిన తొలి గ్రంథాల్లో సామాజిక శాస్త్రవేత్త ఎమిల్ దుర్ఖేమ్ 1897లో వెలువరించినది ముఖ్యమైనది. ఆనాటి యూరప్‌లో వయసు మీదపడే కొద్దీ ఆత్మహత్యల రేటు పెరిగేది. భారతదేశంలో పరిస్థితి వేరు. విక్రమ్ పటేల్ బృందం 2012లో లాన్సెట్ పత్రికలో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఇక్కడ ఆత్మహత్యతో చనిపోయిన మగవారిలో 40 శాతం, ఆడవారిలో 56 శాతం 15–29 ఏళ్ల వారే.

ముందు రైతుల సంగతి. 1987-88లో ప్రకాశం, గుంటూరు జిల్లాల పత్తిని తెల్లదోమ ముంచింది. పదేళ్లకు వరంగల్ వంతు వచ్చింది. 1997-98లో లద్దెపురుగుకు కాలం కాని వానలు తోడయ్యాయి. కొట్టిన మందు పనిచేయక మళ్లీ మందు, దానికి మళ్లీ ఉద్దెర. ఉమ్మడి రాష్ట్రంలో వందల మంది పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. అందులో వరంగల్ జిల్లా రైతులే ఎక్కువ. వీరి మెదళ్లు పూర్తిగా ఎదిగినవే. అయితే ఎదిగిన మెదడును కూడా లేమి కుంగదీస్తుందని 2013లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. తమిళనాడులో 464 మంది చెరకు రైతులకు కోతకు ముందు, కోత తరువాత మేధా పరీక్షలు పెట్టారు. చేతిలో డబ్బు ఆడని కోత ముందు రోజుల్లో, అదే రైతు తక్కువ మార్కులు తెచ్చుకున్నాడు. అది ఆత్మహత్యల మీద చేసిన అధ్యయనం కాదు. అయినా చనిపోయిన రైతును పిరికివాడనే నోళ్లకు అది గట్టి జవాబే.

టీనేజీ పిల్లల సంగతి వేరు. 1999లో అమెరికాలో జే గీడ్ బృందం ఎంఆర్ఐతో పిల్లలను ఏళ్ల తరబడి పరీక్షించి, మెదడు నిర్మాణం బాల్యంతో ముగిసిపోదని, టీనేజీలోనూ మారుతూ ఉంటుందని తేల్చింది. ఉద్వేగాలకు స్పందించే భాగాలు యుక్తవయసు రాగానే చురుకవుతాయి. నుదుటి వెనుక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ తొందరపాటును ఆపి ముందుచూపునిస్తుంది. అది పూర్తిగా పరిణతి చెందేది ఇరవైల నడుమనే. అలాగని ఏ పిల్లవాడికి ముప్పు ఉందో స్కాన్ చెప్పలేదు. అదే వయసు పిల్లల్లో అత్యధికులు ఏ హానీ లేకుండా ఆ దశ దాటేస్తారు. కుంగుబాటు, అవమానం, ఇంటి పరిస్థితి వంటివి ఎన్నో కలిస్తేనే ముప్పు.

2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాయి. సుమారు 3 లక్షల మంది తప్పారు. తెలుగులో సున్నా పడిన ఒక అమ్మాయికి మళ్లీ చూస్తే 99 మార్కులు! ఆ కొద్ది రోజుల్లో 20 మందికి పైగా విద్యార్థులు చనిపోయారు. ప్రభుత్వం త్రిసభ్య కమిటీ వేసి, తప్పినవారి జవాబు పత్రాలను ఉచితంగా మళ్లీ పరిశీలించింది. సప్లిమెంటరీ పరీక్ష ఉంటుందని పదిహేడేళ్ల పిల్లకు తెలియక కాదు. ఆ గంటలో అది కంటికి ఆనదు.

ప్రాణం మీద తీపి మాత్రం పోదు. చివరి క్షణంలో ఇతరులు ఆపగలిగిన 515 మంది వివరాలను 1978లో అమెరికా పరిశోధకుడు రిచర్డ్ సైడెన్ ఆరా తీశారు. వారిలో పదింట తొమ్మిది మందికి పైగా అప్పటికీ బతికే ఉన్నారు, లేదా సహజంగా కన్నుమూశారు. ప్రాణాంతక సాధనం చేతికి అందకపోయినా ప్రాణాలు నిలుస్తాయి. శ్రీలంక అత్యంత విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించాక, 1995 తరువాతి రెండు దశాబ్దాల్లో ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతం పడిపోయింది.

చికిత్సలోనూ వయసు లెక్కకొస్తుంది. కుంగుబాటు మందులు మొదలుపెట్టిన పిల్లలను దగ్గరగా గమనించాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లో హెచ్చరించింది. 2007లో ఆ హెచ్చరికను 24 ఏళ్ల వరకు పొడిగించింది.

ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టు భావించి సంరక్షణ ఇవ్వాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. విశాఖపట్నంలో ఒక నీట్ కోచింగ్ విద్యార్థిని మృతి కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు విద్యాసంస్థలకు మార్గదర్శకాలిచ్చింది. 2022 అక్టోబరు 10న మొదలైన టెలిమానస్ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కు రాత్రింబవళ్లు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.