వాడలో కుదురుకున్న సహవాసం

సిరిసిల్ల నుంచి మానేరు వంతెన దాటితే తంగళ్ళపల్లి. మరమగ్గాల చప్పుడు వంతెనకు రెండు వైపులా వినిపిస్తుంది. ఈ ప్రాంతానికి ప్రొటెస్టెంట్ క్రైస్తవం కరీంనగర్ మీదుగా వచ్చింది. ఆ దారి పట్టుకుని వెనక్కి పోతే ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ పట్టణంలో ఒక అప్పు దగ్గర తేలుతాం.

అది 1742 ఫిబ్రవరి. మతబోధకుడు జాన్ వెస్లీ అనుచరులు కట్టుకున్న ప్రార్థనామందిరం బాకీ ఇంకా తీరలేదు. కెప్టెన్ ఫోయ్ అనే ఆయన ఒక ఉపాయం చెప్పాడు. సభ్యులంతా వారానికి ఒక పెన్నీ ఇవ్వాలి, పన్నెండు మందికొక పెద్ద దాన్ని వసూలు చేయాలి. ఇవ్వలేని పేదల పెన్నీ తానే వేస్తానన్నాడు. అలా ఇల్లిల్లూ తిరిగిన పెద్దలకు డబ్బుతో పాటు ఇళ్ల గుట్టు కూడా తెలియసాగింది: ఎవరింట్లో జబ్బు ఉంది, ఎవరు తాగుడులో పడ్డారు, ఎవరి మధ్య మాటల్లేవు. ఇది సంఘాన్ని కాచుకునే పద్ధతని వెస్లీ వెంటనే పసిగట్టాడు. బాకీ వసూలు ఏర్పాటు ‘క్లాస్ మీటింగ్’ అయింది. మెథడిస్టు సంఘానికి వెన్నెముక అదేనంటే తప్పులేదు.

ఆ సంఘానికి చెందిన వెస్లియన్ మిషన్ 1880 ప్రాంతంలో సికింద్రాబాద్‌లో కాలుమోపింది. ఆ దశకంలోనే మిషనరీ బెంజమిన్ ప్రాట్ కరీంనగర్ చేరాడు. పన్నెండేసి మందిని కూర్చి సంఘం కట్టడం తెలిసిన వాళ్లకు ఇక్కడ అంతకన్నా పాత కట్టడమే ఎదురైంది. అదే వాడ. నిజాం రాజ్యంలో దొరల కింద వెట్టి చేస్తున్న మాల, మాదిగ కుటుంబాల్లో ఒక్క మనిషి ఒంటరిగా మతం మారడం దాదాపు అసాధ్యం. పెళ్లి, చావు, పని, అప్పు అన్నీ నలుగురితో ముడిపడ్డవే. అందుకే వచ్చినప్పుడు వాడకు వాడే వచ్చింది. కోస్తాలో ఇది అప్పటికే జరిగింది. ఒంగోలు ప్రాంతంలో యెర్రగుంట్ల పేరయ్య తన బంధువర్గంలో తిరిగి చెప్పిన మాట కరువు తర్వాత ఏరులా పొంగింది. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మం పొందారు. వీళ్లంతా తిండి కోసం వచ్చినవాళ్లేనని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటున్నారు. కానీ అక్కడి మిషనరీ జాన్ క్లౌ కరువు పనిగా బకింగ్‌హామ్ కాలువ తవ్వించినంత కాలం బాప్తిస్మాలు ఆపి ఉంచాడు. పని అయిపోయాక వచ్చిన జనమే ఎక్కువ. ఆ విమర్శ చేసేవారు ఈ సంగతి ఎత్తరు.

జనానికి ఒకరికొకరు దొరికారు. మరి మిషనరీలైన తెల్ల దొరలు స్నేహితులయ్యారా? ఆ ప్రశ్న లోకమంతా వినేలా అడిగినవాడు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ. తమిళనాడు నుంచి వచ్చి దోర్నకల్లులో పనిచేస్తున్న ఈ ముప్పై అయిదేళ్ల పాస్టరు ఆ వేదిక మీద నిలబడి, మిషనరీల త్యాగాలను భారత సంఘం తరతరాలు తలుచుకుంటుందని ముందుగా ఒప్పుకున్నాడు. ఆ తర్వాత అసలు మాట చెప్పాడు: మాకు మీ ప్రేమ కూడా కావాలి, మమ్మల్ని స్నేహితులుగా చూడండి. సభలో చాలామందికి ఆ మాట మింగుడుపడలేదు. ఒకే పళ్లెంలో తినేంత చనువు లేకుండా చేసే దానం మనిషిని చేయి చాచేవాడిగానే ఉంచుతుందన్నది ఆయన బాధ అని నేననుకుంటాను. రెండేళ్లకు, 1912 డిసెంబరు 29న, ఆయన ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. దోర్నకల్లులో మాల, మాదిగ క్రైస్తవులు ఒకటిగా కూర్చోవాలని, సంఘం తన ఖర్చు తానే మోయాలని పట్టుబట్టాడు. ఆడవాళ్లు వండే ముందు దేవుని పేర తీసిపెట్టే పిడికెడు బియ్యం ఆనవాయితీ తెలుగు సంఘాలు చాలావాటిలో పాతుకుపోయింది. బ్రిస్టల్ పెన్నీకి ఇది చెల్లెలు.

మెదక్ కెథడ్రల్ గురించి అందరూ రాశారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. వెస్లియన్ మిషనరీ చార్లెస్ పాస్నెట్ కరువు రోజుల్లో పని కల్పించి కట్టించిన ఆ గుడి 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ అయింది. జగిత్యాలకు పొరుగునే ఉన్న నిజామాబాద్ వైపు డిచ్‌పల్లిలో కుష్ఠు రోగుల ఆసుపత్రి కథ అంతగా ఎవరూ చెప్పరు. 1915లో ఇసబెల్ కెర్, జార్జ్ కెర్ దంపతులు దాన్ని తెరవడానికి తోడు నిలిచిన దాత హిందువైన రాజా నర్సాగౌడ్. ఊరు వెలివేసిన మనుషులు అక్కడ మళ్లీ ఒక ఊరుగా బతికారు.

స్వాతంత్ర్యం తర్వాత లెక్క మారింది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది, 1978లో కరీంనగర్ వేరే డయాసిస్ అయింది. ఈ మధ్యలో, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుతో క్రైస్తవులైన దళితులు ఎస్సీ జాబితాకు దూరమయ్యారు. మన దగ్గర వాళ్లు బీసీ-సి. కాగితం మీద ఒక మతం, ఇంట్లో ఒక ప్రార్థన అనే ఇరకాటం చాలా కుటుంబాలది. మెదక్ జిల్లా వడియారం ప్రాంతపు పల్లెల్లో 1959లో తిరిగిన పి.వై. లూక్, జాన్ కార్మన్ ఆ సంఘాల జీవితాన్ని 1968లో పుస్తకంగా తెచ్చారు. యాభై ఏళ్ల తర్వాత కార్మన్, చిలుకూరి వసంతరావు అవే పల్లెలను మళ్లీ పరిశీలించి 2014లో ఇంకో పుస్తకం వేశారు. దాని పేరులోనే క్షీణత, పునరుజ్జీవనం రెండూ ఉన్నాయి.

ఆ పునరుజ్జీవనంలో పెద్ద పీట గుడి కట్టడాలది కాదు. హైదరాబాద్‌లోని హెబ్రోను ప్రార్థనా కేంద్రంలో సువార్తికుడు భక్తసింగ్ నడిపిన కూడికల్లో వేలమంది చాపల మీద వరసగా కూర్చుని ప్రేమవిందు తినేవారు. పల్లెల్లో ఇళ్ల కూటాలు, స్త్రీల మైత్రి, రోగి మంచం చుట్టూ చేసే ఉపవాస ప్రార్థనలు సంఘాన్ని నిలబెట్టాయి. ఇందులో ఆడవాళ్ల చెమటే ఎక్కువ, వేదిక మీద మాత్రం పాస్టరు పేరే వినిపిస్తుంది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్ల మధ్య ఇదే పద్ధతి మరో రూపంలో సాగుతోంది. అక్కడ ఎన్నో సంఘాలకు సెలవు రోజైన శుక్రవారమే ఆరాధన దినమైంది. కువైట్‌లోని నేషనల్ ఎవాంజెలికల్ చర్చి ఆవరణలో తెలుగుతో సహా ఎన్నో భాషల సంఘాలు వంతులవారీగా కూడుకుంటాయి. క్యాంపు గదిలో జ్వరంతో పడుకున్నవాడికి అన్నం తెచ్చేది, జీతం ఆగినప్పుడు చేబదులు ఇచ్చేది, శవం ఊరికి చేర్చాల్సి వస్తే చందా ఎత్తేది ఇలాంటి తోటివాళ్లే.

ఊళ్లో పరిస్థితి వేరు. ఒకే వాడలో రెండు మూడు సంఘాలు, వాటి మధ్య సభ్యుల కోసం పోటీ. మాల సంఘం, మాదిగ సంఘం అన్న గీత చాలాచోట్ల చెరగలేదు. పాస్టర్లు ఒకరి గడప ఒకరు తొక్కకపోయినా, ఇంట్లో ఎవరైనా మంచాన పడితే మూడు సంఘాల ఆడవాళ్లూ వచ్చి ప్రార్థన చేసి పోతారు. అజరయ్య అడిగింది ఇలాంటి రాకపోకలనే. అవి మొగవాళ్ల కమిటీల దాకా ఇంకా చేరలేదు.