లెక్క రాసేవాడు, పెత్తనం చేసేవాడు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లో ఒకప్పుడు ఊరి అధికారం ఇద్దరిది. శిస్తు వసూలు, తగవులు రెడ్డి చూసేవాడు. ఏ చేను ఎవరిది, ఎవరెంత బాకీ అన్నది కరణం రాసేవాడు. ఇద్దరికీ మాన్యాలుండేవి, కళ్లంలో పంట వాటాగా మేర ఉండేది. అందరి కళ్లముందే కొలిచి ఇచ్చేది కాబట్టి పెత్తనానికెంతో, లెక్కకెంతో ఊరికి తెలిసేది.

1800లో నిజాం ఈ సీమను కుంఫిణీకి ఒప్పగించాక ఆ వరస మారింది. 1802లో కలెక్టరు థామస్ మన్రో సర్వే మొదలుపెట్టేనాటికి కచేరీలో భూమి కొలవడం తెలిసిన గుమాస్తాలు నలుగురే. 33 అడుగుల గొలుసు పొడవునా వెడల్పునా పరిస్తే ఒక గుంట, 40 గుంటలైతే ఎకరా. కొలతగాళ్లకు మొదట్లో నెలజీతం, ఆ తర్వాత ఎకరాకింత అని కూలి. ఎకరాకింత అంటే పనితోపాటు తప్పులూ పెరుగుతాయి. అందుకే వెనకాలే తనిఖీదార్లు మళ్లీ కొలిచేవాళ్లు, తేడా మితిమీరితే ఉద్యోగం ఊడేది. కలెక్టరు జీతానికి మాత్రం ఎకరాల లెక్క లేదు. టార్గెట్లు మన కాలంలో పుట్టాయనుకునేవాళ్లు ఆ సర్వే సంగతి చదవాలి.

1820లో కడపకొచ్చిన సి.పి. బ్రౌన్ తాళపత్ర ప్రతులను పోల్చి పాఠాలు తేల్చడానికి పండితులను పెట్టుకున్నాడు. వాళ్ల జీతాలు తన జీతంలోంచే ఇచ్చి అప్పులపాలయ్యాడు. ఒక దొర జీతం మీద ఒక పండిత బృందమే బతికిందంటే ఆ రెండు కొలువుల మధ్య ఎడమెంతో వేరే చెప్పక్కర్లేదు.

పల్లెల్లో మేరలు పోయి నగదు జీతాలొచ్చాయి, అవీ అంతంతమాత్రమే. అయినా కరణానికి జనం జంకేవారు. అడంగల్‌లో పేరు మారితే చేను చేతులు మారినట్టే కదా! 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం పదవినీ, రెడ్లు చేసే మునసబు పదవినీ ఒకేసారి రద్దు చేసింది.

ఇప్పుడు పులివెందుల దగ్గర తుమ్మలపల్లెలో కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ యురేనియం గని ఉంది. 2017 వేతన సవరణ ప్రకారం కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థల్లో ఇ-1 స్థాయి అధికారి మూలవేతనం 40,000తో మొదలవుతుంది. అతి పెద్ద సంస్థల సీఎండీ స్కేలు 3,70,000 దగ్గర ఆగుతుంది. ఈ రెండింటికీ పదిరెట్లయినా తేడా లేదు.

పులివెందుల జేఎన్‌టీయూ కాలేజీలో చదివి డేటా అనలిస్టు కొలువుకని బెంగళూరు బస్సెక్కే పిల్లలది వేరే లోకం. 2024-25లో ఇన్ఫోసిస్ సీఈఓ సలీల్ పరేఖ్‌కు ముట్టింది 80.62 కోట్లు, ఆ సంస్థ మధ్యస్థ ఉద్యోగి వేతనానికి 752 రెట్లు. అందులో సగానికి పైగా షేర్ల రూపంలో వచ్చిందే. అనలిస్టు ఎంత చక్కగా లెక్కలు తేల్చినా నెలజీతం ఆ వేగంతో పెరగదు. షేరు ధర మీద ఆధారపడిన రాబడికి మాత్రం హద్దు లేదు. నా దృష్టిలో అసలు ఎడం ఇక్కడే.

ఈ 752 బయటికి తెలిసిందంటే 2013 కంపెనీల చట్టం చలవే. లిస్టెడ్ కంపెనీలు ఈ నిష్పత్తిని ఏటా ప్రకటించి తీరాలని 197వ సెక్షన్ చెబుతోంది. ప్రొద్దుటూరు బంగారు కొట్లకు ఆ నిబంధన వర్తించదు. అక్కడ పద్దులు రాసే గుమాస్తా జీతమెంతో అతనికీ యజమానికీ మాత్రమే తెలుసు.