తిరిగొస్తామన్న ఓడ

1761 జులైలో మడగాస్కర్ తూర్పు తీరాన ఫూల్‌పాయింట్ రేవు నుంచి ‘యూటిల్’ అనే ఓడ తెరచాపలెత్తింది. ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ ఓడ. ఇప్పుడు మనం మారిషస్ అంటున్న దీవి అప్పట్లో ఫ్రాన్సు దీవి. అక్కడి జనానికి బియ్యం, పశువులు తెమ్మని పంపితే, కెప్టెన్ జాన్ ద లాఫార్గ్ వాటితోపాటు నూట అరవై మంది మలగాసీ ఆడవాళ్లనూ మగవాళ్లనూ పిల్లలనూ కొని ఓడ అడుగు అరల్లోకి దించాడు. దొంగచాటుగా అమ్ముకుంటే చేతినిండా డబ్బు.

దొంగచాటుగా ఎందుకంటే, బానిసలను తేవద్దని ఫ్రాన్సు దీవి గవర్నరు దెఫోర్జ్ బూషే కట్టడి చేసి ఉన్నాడు. అది జాలితో చేసిన కట్టడి కాదు. ఇంగ్లీషువాళ్లతో యుద్ధం నడుస్తోంది. 1759లో మన మచిలీపట్నం కోట ఫ్రెంచివారి చేతిలోంచి పోయింది. 1761 జనవరిలో పుదుచ్చేరి కూడా పోయింది. తర్వాతి ముట్టడి తమ మీదికేనని దీవిలో అందరికీ భయం. ముట్టడి పడితే ఉన్న గింజలు ఉన్నవాళ్లకే చాలవు, ఇంకా తినే నోళ్లు ఎందుకని ఆ ఉత్తరువు.

దారిలో ఇసుక దీవి అని ఒక చిన్న తిన్నె ఉంది. మడగాస్కర్‌కు తూర్పున దాదాపు నాలుగు వందల యాభై కిలోమీటర్ల దూరంలో, చుట్టూ మరే నేలా కనపడని చోట. విస్తీర్ణం సుమారు ఒక చదరపు కిలోమీటరు. ఎంత ఎత్తైన చోటైనా ఏడు మీటర్లు దాటదు. ఓడలో ఉన్న రెండు పటాలూ ఆ దీవిని రెండు వేర్వేరు చోట్ల చూపించాయి. అయినా కెప్టెన్ రాత్రి కూడా ప్రయాణం ఆపలేదు. జులై 31 రాత్రి ఓడ పగడపు దిబ్బకు కొట్టుకుని తెల్లారేసరికి ముక్కలైపోయింది.

తిరగబడతారన్న భయంతో రాత్రిపూట బందీల అరల మూతలు బిగించి ఉంచడం ఆ ఓడల్లో వాడుక. పైనున్న నావికుల్లో చాలామంది ఈదో, తాళ్లు పట్టుకునో ఒడ్డెక్కారు. వాళ్లలో పోయింది ఇరవై మంది. కింద ఉన్నవాళ్లలో ఇంచుమించు సగం మంది ఆ చీకట్లోనే మునిగిపోయారు. పలకలు విరిగిపోబట్టే మిగిలినవాళ్లు బయటపడ్డారు. ఆ రాత్రి గురించి రాసిన దినచర్య మనకు మిగిలింది. అందులో నావికుల బాధ ఉంది, పోయిన సరుకు లెక్క ఉంది. మలగాసీల పేరు ఒక్కటీ లేదు.

కెప్టెన్‌కు మతి చలించింది. మొదటి లెఫ్టినెంటు కాస్టెలాన్ పగ్గాలు పట్టుకున్నాడు. కొట్టుకొచ్చిన పీపాల్లోని నీళ్లు తెల్లవాళ్లకే దక్కాయి. ఇసుకలో ఐదు మీటర్ల లోతున బావి తవ్వితే కాస్త ఉప్పగా ఉన్నా తాగదగ్గ నీరు పడింది, కానీ ఆలోగానే బందీల్లో ఇరవై మందికి పైగా దాహంతో పోయారు. ఒడ్డున ఉన్నవి ఒకే ఇసుక, ఒకే ఎండ. ఆ మూడు నాలుగు రోజుల్లో ఎవరు బతకాలో తేల్చింది సముద్రం కాదు. అది చదివినప్పుడల్లా నా మనసు అక్కడే ఆగిపోతుంది.

ఆ తర్వాత అందరూ కలిసే పనిచేశారు. కొలిమి పెట్టారు, రొట్టెలు కాల్చుకోవడానికి బట్టీ కట్టారు. ఓడ శకలాల కొయ్యతో రెండు నెలల్లో కొత్త పడవ తయారైంది. మలగాసీలు కూడా కొయ్యలు మోశారు, మేకులు ఏరారు. పడవకు ‘ప్రావిడెన్స్’ అని పేరు పెట్టారు. సెప్టెంబరు 27న నూట ఇరవై రెండు మంది ఫ్రెంచివాళ్లు అందులో ఒకరి మీద ఒకరు అన్నట్టు ఎక్కారు. అరవై మంది మలగాసీలను ఒడ్డున నిలబెట్టి, మూడు నెలల తిండి ఇచ్చి, తిరిగొచ్చి తీసుకెళ్తామని కాస్టెలాన్ మాట ఇచ్చాడు.

నాలుగు రోజుల్లో పడవ మడగాస్కర్ చేరింది. అక్కడి నుంచి ఫ్రాన్సు దీవికి వెళ్లేదారిలో లాఫార్గ్ చనిపోయాడు. కాస్టెలాన్ గవర్నరు దగ్గరికి వెళ్లి ఓడ అడిగాడు. ఇవ్వనన్నాడు గవర్నరు. తన ఆజ్ఞ మీరి కొన్న మనుషుల కోసం, యుద్ధకాలంలో ఓడను పంపడమా? మళ్లీ అడిగినా అదే జవాబు. కాస్టెలాన్ 1762లో స్వదేశం వెళ్లిపోయాడు. 1763లో యుద్ధం ముగిసింది, అయినా ఓడ కదల్లేదు. 1769లో కంపెనీకే గడ్డుకాలం వచ్చి గుత్తాధికారం పోయింది. దాని పుస్తకాల్లో ఆ అరవై మంది సరుకుగా కూడా లేరు.

కాస్టెలాన్ మరిచిపోలేదు. 1772లో నౌకాశాఖ మంత్రికి మళ్లీ అర్జీ రాశాడు. ఆయన్ను నిందించాలో ఓదార్చాలో నాకు తెలియదు. పడవలో చోటు లేనిమాట నిజం. కానీ ఎవరికి చోటు లేకుండా పోయిందన్నది కూడా అంతే నిజం.

దీవిలో ఏం జరిగిందో రెండున్నర శతాబ్దాల తర్వాత ఇసుక చెప్పింది. 2006 నుంచి 2013 దాకా పురావస్తు శాస్త్రవేత్త మాక్స్ గెరూ బృందం నాలుగుసార్లు అక్కడ తవ్వకాలు జరిపింది. పగడపు రాళ్లు, ఒడ్డున దొరికే పలకరాళ్లు పేర్చి కట్టిన గదులు బయటపడ్డాయి. తుపాను గాలికి నిలిచేలా మందంగా, ఒకదానికొకటి ఆనుకుని ఉన్న గోడలు. మలగాసీ ఆచారంలో రాతి కట్టడం చనిపోయినవాళ్లకే, బతికున్నవాళ్లు కొయ్య ఇళ్లలో ఉంటారు. చెట్టన్నది లేని ఆ తిన్నె మీద వాళ్లు ఆ ఆచారాన్ని కూడా పక్కన పెట్టాల్సి వచ్చింది.

వంటగది దొరికింది. అందులో రాగి గిన్నెలు బోర్లించి, జాగ్రత్తగా సర్ది ఉన్నాయి. చిల్లు పడినచోటల్లా మాటు వేసి ఉంది. మాటు మీద మళ్లీ మాటు. తాబేళ్ల ఎముకలు, సముద్రపు పక్షుల ఎముకలు రాశులుగా ఉన్నాయి. రాగితో చేసిన చెంచాలు, గాజులు ఉన్నాయి. పదిహేనేళ్లూ పొయ్యిలో నిప్పు ఆరనివ్వలేదని అప్పటి కథనం. చెకుముకి రాళ్లు కూడా దొరికాయి గనుక ఆరినా రాజేసుకోగలిగారన్నమాట. బట్టలు చీకిపోయాక పక్షి ఈకలు అల్లి కట్టుకున్నారు. నాకు అన్నిటికన్నా ఆ గాజులు కళ్లముందు మెదులుతాయి. రేపటి తిండికే ఠికాణా లేని చోట కూర్చుని, విరిగిన ఓడ రాగిని వంచి ఎవరో ఒకామె చేతికి సరిపోయేలా చేశారు.

1773లో దారిన పోతున్న ఒక ఓడ వాళ్లను చూసి ఫ్రాన్సు దీవిలో కబురు చెప్పింది. 1775లో ‘సొటెరెల్’ అనే ఓడ వెళ్లింది. చిన్న పడవలో ఇద్దరు నావికులను పంపితే అది అలలకు పగిలిపోయింది. ఒకడు ఈది ఓడ చేరుకున్నాడు, రెండోవాడు దీవిలో చిక్కుకున్నాడు. ఓడ వెనక్కి వెళ్లిపోయింది. అప్పటికి బతికున్న మలగాసీలు పదమూడు మంది. కొన్నాళ్లకు ఆ నావికుడు తెప్ప కట్టి, మిగిలిన ముగ్గురు మగవాళ్లనూ ముగ్గురు ఆడవాళ్లనూ ఎక్కించుకుని బయలుదేరాడు. ఆ తెప్ప ఏ తీరమూ చేరలేదు.

1776 నవంబరు 29న ‘డోఫీన్’ అనే ఓడలో జాక్ మరీ ద ట్రోమెలిన్ వచ్చేసరికి దీవిలో ఉన్నది ఏడుగురు ఆడవాళ్లు, ఎనిమిది నెలల పసివాడు. పడవ వెళ్లి పదిహేనేళ్లు దాటింది. మగవాళ్లందరూ తెప్ప మీదే వెళ్లారు కాబట్టి ఆ పసివాడి తండ్రి కూడా అందులోనే ఉండి ఉండాలి.

ఫ్రాన్సు దీవిలో అధికారి జాక్ మయ్యార్ వాళ్లు బానిసలు కారని తేల్చాడు. కారణం, కొనుగోలు అక్రమం. మడగాస్కర్ పంపిస్తామంటే వాళ్లు వద్దన్నారు. అక్కడ మళ్లీ ఎవరి చేతిలో పడతామోనని భయం. పసివాడికి జాక్ మోయిజ్ అని బాప్తిస్మం ఇచ్చారు. తల్లి సెమియావూకు ఈవ్ అన్నారు. అమ్మమ్మకు ఎక్కి వచ్చిన ఓడ పేరే పెట్టారు, డోఫీన్ అని. ఆ ముగ్గురినీ మయ్యార్ తన ఇంట్లో ఉంచుకున్నాడు. 1781లో తత్వవేత్త కాండర్సే బానిసత్వం మీద రాసిన పుస్తకంలో వీళ్ల కథను ఎత్తి చూపాడు. ఇసుక దీవికి మాత్రం ట్రోమెలిన్ పేరు స్థిరపడింది.

ఆ విడుదల తీర్పు ఏడుగురికీ ఒక పసివాడికీ మాత్రమే. అదే ఫ్రాన్సు దీవి రేవులో ఉత్తరువుల ప్రకారం, రసీదులతో దిగిన వేలాదిమంది మలగాసీలూ ఆఫ్రికన్లూ తోటల్లోనే ఉండిపోయారు. అక్కడ బానిసత్వం రద్దయింది 1835లో. అప్పటికి ఆ దీవి ఇంగ్లీషువాళ్లది.