చక్రాలెక్కిన నగారా

పాతబస్తీలో చప్పుడుకు మొదట్లో ఒక ఇల్లుండేది. చార్మినార్ కట్టిన మరుసటి ఏడు, 1592లో, దానికి ఉత్తరాన నాలుగు కమాన్లు లేచాయి. వాటిలో తూర్పుదైన కాలీ కమాన్ ఒకప్పటి షాహీ నగారాఖానా. రాచనగారా ఆ కమాను మీద మోగేది. ఇప్పుడు దాని కింద నుంచి బైకులు వెళ్తుంటాయి, హారన్లు కొట్టుకుంటూ.

వీధిలో నడిచే మర్ఫాను ఈ ఊరికి అలవాటు చేసింది అరబ్బులు, ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం కొలువులో చేరిన సైనికుల పేట బార్కస్. బ్యారక్స్ అన్న మాటే నోళ్లలో అలా అరిగింది. వనపర్తి సంస్థానం రాజా రామేశ్వరరావు సిద్దీలతో ఒక దళం కట్టి, తర్వాత నిజాంకు అప్పగించాడు. అదే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. మాసబ్ ట్యాంక్ పక్కనున్న ఏసీ గార్డ్స్ పేరులో ఎయిర్ కండిషనర్ ఏమీ లేదు, వాళ్లే ఉన్నారు. వాళ్ల మర్ఫా చిన్న డోలు, కర్రలు, లోహపు బిందె కలిసి మోగే మేళం. నిజాం రాజ్యం పోయి, దళం రద్దయ్యాక జీతాలు ఆగాయి, డప్పు మిగిలింది. కొలువులో మోగినది పెళ్లి బరాత్‌లో బతుకుతెరువైంది.

రేడియో శబ్దం వచ్చింది 1933లో. మహబూబ్ అలీ అనే ఆయన ఆబిడ్స్ దగ్గర చిరాగ్ అలీ లేన్‌లో 200 వాట్ల సొంత రేడియో స్టేషన్ పెట్టాడు. ఎంతో కాలం గడవకముందే, 1935 ఫిబ్రవరి 3న, నిజాం ప్రభుత్వం దాన్ని తన చేతిలోకి తీసుకుంది. అదే దక్కన్ రేడియో. 1950 ఏప్రిల్ 1న అది ఆలిండియా రేడియోలో కలిసింది. ఊరంతటికీ వినిపించే గొంతును ఒక పౌరుడి చేతిలో ఉండనివ్వడానికి ఏ సర్కారుకైనా మనసొప్పదు. ఈ కథలో ఆ సంగతి మళ్లీ తగులుతుంది.

ఆ 200 వాట్లను ఇవాళ ఒక కుర్రాడు స్కూటర్ డిక్కీలో పెట్టుకుని తిరగగలడు. ఊరి బండ్లకు సౌండ్ ఎక్కించే సరుకంతా మూసీ దాటితే వచ్చే కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది: డెక్కులు, బూస్టర్లు, వూఫర్లు, ట్వీటర్లు. అక్కడి బేరం వెనక ఒక లెక్క ఉంది. బండి బ్యాటరీ 12 వోల్టులు. నాలుగు ఓముల స్పీకర్‌కు సాదా సర్క్యూట్ ఇవ్వగలిగింది నాలుగున్నర వాట్లే. బ్రిడ్జి పద్ధతిలో కలిపితే అది నాలుగింతలై, సుమారు 18 అవుతుంది. అంతకు మించాలంటే వోల్టేజీ పెంచే బూస్టర్ కావాలి. పాత బుల్లెట్లకైతే ఉన్నదే ఆరు వోల్టులు, పాట సంగతి తర్వాత, హెడ్‌లైట్ వెలిగితే చాలు.

కారులో రేడియో 1930లోనే అమెరికాలో మోటరోలా పేరుతో అమ్మకానికి వచ్చింది. దూరప్రయాణాల మోటార్‌సైకిల్‌కు ఆ భోగం అందడానికి ఇంకో అర్ధ శతాబ్దం పట్టింది. 1980లో హోండా గోల్డ్‌వింగ్ ఇంటర్‌స్టేట్ ముందు అద్దం, పక్కపెట్టెలతో వచ్చింది. డబ్బు పెడితే స్టీరియో కూడా. ఇంత ఆలస్యానికి కారణం గాలి. కారుకు తలుపులున్నాయి, బైకుకు లేవు. బండి వేగం అందుకుంటే చెవుల్లో హోరు పాటను మింగేస్తుంది. శబ్దం మూడు డెసిబెళ్లు పెరగాలంటే వాట్లు రెట్టింపు కావాలి. బయలులో దూరం రెట్టింపైతే ఆరు డెసిబెళ్లు తగ్గుతాయి. పైగా వెనక బిగించిన పెట్టె లేని స్పీకర్‌లో బేస్ నిలవదు, ముందు అల వెనక అల ఒకదాన్నొకటి చంపుకుంటాయి. కాబట్టి హైవే మీద స్పీకర్ కన్నా హెల్మెట్‌లోని ఇయర్‌ఫోన్‌దే పైచేయి. సందుల్లో నెమ్మదిగా కదిలే బండి మీద మాత్రం స్పీకరే రాజు. ఎటు తిరిగినా గోడలే, శబ్దం తప్పించుకోవడానికి దారి లేదు.

బైకు మోయలేనిది డీసీఎం మోసింది. ఆ పేరుతో లారీలు చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడినా తెలంగాణలో మధ్యరకం లారీ ఏదైనా డీసీఎమ్మే. దాని మీద బాక్సులు పేర్చి, జనరేటర్ తగిలిస్తే డీజే బండి. బాలాపూర్ నుంచి చార్మినార్ మీదుగా సాగే గణేశ్ ఊరేగింపులోనైనా, మిలాద్ జులూస్‌లోనైనా గుండెల్లో దడ పుట్టించే బేస్ ఒక్కటే. మర్ఫా దరువు, తీన్‌మార్ కూడా ఆ బాక్సుల్లోకి ఎక్కాయి, వాయించే మనిషి లేకుండానే.

2024 సెప్టెంబర్‌లో రెండు పండుగలూ పక్కపక్కనే వచ్చాయి. అక్టోబర్ 1 నాటికి హైదరాబాద్ పోలీసు కమిషనర్ సి.వి. ఆనంద్ మతపరమైన ఊరేగింపుల్లో డీజే బండ్లను, మిక్సర్లను, టపాకాయలను నిషేధించారు. ఇళ్లుండే చోట పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లే హద్దు. పగటి హద్దే మామూలు మాటల శబ్దానికి అటూ ఇటూగా. మర్ఫా బిందె మీద ఒక్క దెబ్బ పడినా ఆ గీత దాటుతుంది. ఉత్తర్వులో బరాత్‌ల ఊసు లేదు. వాటికి 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలే దిక్కు: రాత్రి 10 దాటితే స్పీకర్ కట్టేయాలి. పాతబస్తీ పెళ్లి ఊరేగింపు ఇల్లు కదలడానికే ఆ వేళవుతుంది.