కారు పాలిష్

కారు పాలిష్ అనగా కారు బాహ్యభాగంపై గల రంగు పూతను కడిగి, దానికి అంటుకొన్న మలినాలను తొలగించి, సన్నని గీతలను రాపిడి ద్వారా నునుపు చేసి, చివరగా మైనం వంటి రక్షక పూతను పూసే ప్రక్రియ. ఈ పనులన్నింటినీ కలిపి డీటెయిలింగ్ అని వ్యవహరిస్తారు. వాడుకలో మైనం పూయడాన్ని కూడా పాలిష్ అనే పిలుస్తున్నప్పటికీ ఈ రెండూ వేర్వేరు పనులు. పాలిష్ రంగు పూత నుండి కొంత భాగాన్ని తీసివేస్తుంది. మైనం ఆ పూతపై మరొక పొరను చేరుస్తుంది. అందువలన మైనాన్ని ఎన్నిసార్లయినా పూయవచ్చును గాని, పాలిష్‌ను కారు జీవితకాలంలో కొద్ది పర్యాయాలు మాత్రమే చేయగలరు.

ప్రకాశం పశ్చిమ ప్రాంతంగా పేరుపడిన మార్కాపురం, కంభం, గిద్దలూరు, యర్రగొండపాలెం పరిసరాలలో ఇంటివద్ద ఈ పని చేసుకొనేవారికి కొన్ని ప్రత్యేకమైన ఇబ్బందులు కలవు. పలకరాతి ధూళి, లవణాలు ఎక్కువగా గల బోరు నీరు, తీవ్రమైన ఎండ, వేసవిలో నీటి ఎద్దడి వీటిలో ముఖ్యమైనవి. పరికరాల డబ్బాలపై ముద్రించే సూచనలు సాధారణంగా చల్లని దేశాలను, ధారాళమైన మంచినీటిని దృష్టిలో ఉంచుకొని వ్రాసినవి. వాటిని ఇక్కడ యథాతథంగా పాటిస్తే రంగుకు మేలు కంటే కీడే ఎక్కువగా జరిగే అవకాశం ఉన్నది.

రంగు పొరలు

ఆధునిక కారు రేకుపై రంగు ఒకే పొరగా ఉండదు. అన్నిటికంటే అడుగున తుప్పును నిరోధించే పూత, దానిపై ప్రైమరు, ఆపై అసలు రంగు, అన్నిటికంటే పైన పారదర్శకమైన క్లియర్ కోటు ఉంటాయి. ఇవన్నీ కలిపి సాధారణంగా 100 నుండి 150 మైక్రాన్ల మందం మాత్రమే ఉంటాయి. ఒక మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. ఇందులో క్లియర్ కోటు వాటా సుమారు 40 మైక్రాన్లు. తల వెంట్రుక మందం కంటే కూడా ఇది తక్కువ. కారు మెరుపు, ఎండలోని అతినీలలోహిత కిరణాల నుండి రంగుకు రక్షణ, రెండూ ఈ పలుచని పొరమీదనే ఆధారపడి ఉన్నాయి.

ముతక కాంపౌండుతో ఒకసారి గట్టిగా రుద్దితే కొన్ని మైక్రాన్లు పోతాయి. నాణ్యమైన మెత్తని పాలిష్‌తో పోయేది అంతకంటే చాలా తక్కువ. పోయినది తిరిగి రాదు. క్లియర్ కోటు మరీ పలుచబడిన కారులో కొంతకాలానికి టాపు, బానెట్టులపై తెల్లని మచ్చలు ఏర్పడి, ఉల్లిపొర వలె పొట్టు లేస్తుంది. ఈ స్థితికి వచ్చిన తరువాత ఏ పాలిష్ గాని మైనం గాని పనిచేయదు. ఆ భాగానికి మరల రంగు వేయించడం ఒక్కటే మార్గం. ప్రతి దసరాకు ముందు మెరుపు కోసం కాంపౌండు రుద్దించే అలవాటు అందువలననే మంచిది కాదు.

పాత అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లకు క్లియర్ కోటు ఉండేది కాదు. 1920వ దశకంలో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థ డూకో అనే పేరుతో నైట్రోసెల్యులోజు రంగును ప్రవేశపెట్టింది. ఆ రంగు వాడుక నుండి తొలగినప్పటికీ స్ప్రే పెయింటు పనిని డూకో అని పిలవడం మన ప్రాంతంలో నిలిచిపోయింది. క్లియర్ కోటు పద్ధతి 1980వ దశకంలో ప్రపంచమంతటా వ్యాపించింది. భారతదేశంలో 1990 తరువాత మెటాలిక్ రంగుల కార్లతో అది సాధారణమైనది. ఒక కారుకు క్లియర్ కోటు ఉన్నదో లేదో తెలుసుకొనుటకు కనపడని మూల కొద్దిగా పాలిష్‌తో రుద్ది తెల్ల గుడ్డను పరిశీలిస్తే చాలును. గుడ్డకు కారు రంగు అంటితే క్లియర్ కోటు లేనట్లే.

పలకరాతి ధూళి

మార్కాపురం పలకల పరిశ్రమకు ప్రసిద్ధి. బడిపిల్లల పలకలకు ఇక్కడి రాయి ఒకప్పుడు దేశమంతటా వెళ్ళేది. నోటు పుస్తకాల వాడకం పెరిగిన తరువాత గోడలకు, నేలకు వాడే అలంకరణ పలకల తయారీకి ప్రాధాన్యం వచ్చింది. పలకరాయిలో క్వార్ట్జ్ అనే ఖనిజం సూక్ష్మ రేణువులుగా ఉంటుంది. మోహ్స్ కాఠిన్య మానంలో క్వార్ట్జ్ విలువ 7. గాజు దీనికంటే మెత్తనిది. క్లియర్ కోటు గాజు కంటే కూడా చాలా మెత్తనిది. కాబట్టి గనులు, కార్ఖానాల పరిసరాలలో నిలిపిన కారుపై చేరిన ధూళిని పొడి గుడ్డతో గాని, కుచ్చుల బ్రష్‌తో గాని తుడవడమంటే ఉప్పుకాగితంతో రుద్దడమే అవుతుంది.

ఉదయాన్నే డ్రైవరు భుజం మీది తువ్వాలుతో కారును దులిపి తుడవడం బస్టాండుల వద్ద నిత్యం కనిపించే దృశ్యం. ఎండలో కారు మీద సాలెగూడు వలె కనపడే గీతలకు అత్యధిక భాగం ఈ తుడుపే కారణం. ఆ గీతలు నిజానికి గుండ్రంగా ఉండవు. అన్ని దిక్కులలోనూ ఉన్న గీతలలో వెలుగుకు అడ్డంగా ఉన్నవి మాత్రమే మెరుస్తాయి కనుక, సూర్యబింబం చుట్టూ అవి వలయాలుగా ఏర్పడినట్లు కంటికి తోస్తుంది. నలుపు, ముదురు నీలం కార్లపై ఇవి ఎక్కువగా కనపడతాయి. తెల్ల కారుపై కూడా ఇవి అంతే ఉంటాయి, కనపడవు అంతే.

ఇదే ధూళి మనుషుల ఊపిరితిత్తులలో చేరితే సిలికోసిస్ అనే నయంకాని వ్యాధికి దారితీస్తుంది. పలకరాతి ధూళి దట్టంగా పట్టిన వాహనాన్ని పొడిగా దులపకుండా నీటితో తడిపి తొలగించుటకు ఇది మరొక కారణం, రంగు కంటే పెద్ద కారణం.

నీరు

ఈ ప్రాంతపు భూగర్భజలాలలో ఫ్లోరైడు సమస్య అందరికీ తెలిసినదే. అయితే కారు రంగుపై తెల్లని మచ్చలకు ఫ్లోరైడు కారణం కాదు. నీటిలో కరిగియున్న కాల్షియం, మెగ్నీషియం మొదలైన లవణాలు నీటిచుక్క ఆరినచోట వలయాకారంలో మిగిలిపోవడమే దీనికి కారణం. భారతీయ ప్రమాణాల సంస్థ తాగునీటికి నిర్దేశించిన మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు. వేరే ఆధారం లేనిచోట 600 వరకు అనుమతించింది. నురగ సరిగా రాని బోరు నీటితో కడిగిన కారును ఎండలో ఆరనిస్తే మచ్చలు తప్పవు. కొత్త మచ్చ ఉపరితలంపైనే ఉంటుంది. దానిని అలాగే వదిలివేస్తే, ఎండ వేడికి లవణాలు క్లియర్ కోటులోనికి దిగి గుంటలు చేస్తాయి.

అనేక ఇళ్ళలో తాగునీటి శుద్ధియంత్రం నుండి వెలువడే వ్యర్థజలాన్ని బక్కెట్లలో పట్టి అంట్లకు, వాకిలి కడగడానికి వాడుతారు. నీటి కరువు గల చోట ఇది మెచ్చుకోదగిన అలవాటే. కాని ఆ నీటిలో లవణాలు బోరు నీటిలో కంటే ఎక్కువగా చిక్కబడి ఉంటాయి కనుక కారు రంగుకు అది అన్నిటికంటే చెడ్డ నీరు. దానితో టైర్లను, మడ్‌గార్డుల లోపలి భాగాలను కడగవచ్చును. దీనికి భిన్నంగా శుభ్రమైన డాబా మీద పట్టిన వాననీరు దాదాపు లవణరహితం. బోరు నీటితో కడిగినా, చివరి తడుపుకు నాలుగైదు లీటర్ల వాననీరు గాని శుద్ధజలం గాని వాడి, వెంటనే తుడిచివేస్తే మచ్చలు ఏర్పడవు.

పైపు నిమిషానికి 10 లీటర్లు పోసినా, పావుగంటలో 150 లీటర్లు ఖర్చవుతాయి. వేసవిలో ట్యాంకరు కోసం బిందెలతో ఎదురుచూసే వీధులలో ఇంత నీటిని కారుపై పోయడం ఇరుగుపొరుగుతో తగవుకు కూడా కారణమవుతుంది. రెండు బక్కెట్ల పద్ధతిలో 30 నుండి 40 లీటర్లు సరిపోతాయి. ఒక బక్కెట్టులో షాంపూ నీరు, రెండవదానిలో మంచినీరు ఉంచి, కడిగే గుడ్డను ప్రతిసారీ ముందుగా మంచినీటిలో జాడించి ఆపైన షాంపూ నీటిలో ముంచుతారు. కడగనవసరం లేని ద్రావణాలతో 10 లీటర్లలోనే పని ముగించవచ్చును గాని, బురద గాని పలకరాతి ధూళి గాని దట్టంగా ఉన్నప్పుడు ఆ పద్ధతి పనికిరాదు.

కారును వాగులోనికో చెరువులోనికో దింపి కడగడం ఇప్పటికీ అక్కడక్కడ కనపడుతుంది. ఇసుక కలిసిన నీరు రంగును గీస్తుంది. నూనె, గ్రీజు నీటిలో కలుస్తాయి. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, మురుగునీటి పారుదల సంఘం వారసత్వ కట్టడంగా గుర్తించిన కంభం చెరువు వంటి జలాశయాలు ఇందుకు తగిన స్థలాలు కావు.

ఎండ, పక్షులు, పురుగులు

మార్కాపురం ప్రాంతంలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం సాధారణం. అట్టి ఎండలో ముదురు రంగు కారు రేకు 70 డిగ్రీలు మించి వేడెక్కగలదు. బ్రెజిల్ దేశపు ఈత జాతి చెట్టు ఆకుల నుండి తీసే కార్నూబా మైనం 82 నుండి 86 డిగ్రీల మధ్య కరుగుతుంది. ఇతర మైనాలు, నూనెలు కలిపిన డబ్బా మైనం అంతకంటే ముందే మెత్తబడుతుంది. చల్లని దేశాలలో కొన్ని నెలలు నిలిచే మైనం ఇక్కడి వేసవిలో అంతకాలం నిలవకపోవడానికి కారణం ఇదే. కృత్రిమ పాలిమరు సీలెంట్లు, సిలికా ఆధారిత సిరామిక్ పూతలు వేడికి మెరుగుగా తట్టుకొంటాయి. అయితే సిరామిక్ పూత గీతలు పడకుండా ఆపుతుందనేది వ్యాపార ప్రచారమే. అది నీటిని, మురికిని నిలవనీయదు. పలకరాతి ధూళితో తుడిస్తే దానిపైనా గీతలు పడతాయి.

నీడ కోసం కారును వేప, చింత చెట్ల క్రింద నిలుపుతారు. ఎండ తగ్గుతుంది గాని చెట్టు జిగురు, పక్షి రెట్టలు తోడవుతాయి. పగటి వేడికి వ్యాకోచించి మెత్తబడిన పూత, రాత్రి చల్లబడి బిగుసుకొనేటప్పుడు, ఎండిపోయిన రెట్ట ఆకారాన్ని అచ్చు వలె దింపుకొంటుంది. అందుచేత రెట్టను ఆ పూటనే తడిగుడ్డ కప్పి నానబెట్టి తీయవలెను. గిద్దలూరు నుండి నంద్యాల వైపు నల్లమల కనుమ దారిలో రాత్రి ప్రయాణించిన కార్ల ముందుభాగాన పురుగులు అంటుకొంటాయి. తొలకరి వానలకు లేచే ఉసుళ్ళ సంగతి చెప్పనవసరం లేదు. వీటికి కూడా పది నిమిషాలు తడిగుడ్డ కప్పడమే సరియైన ఉపాయం. గోటితో గాని, గిన్నెలు తోమే పీచుతో గాని గీకరాదు.

వాహనపూజలో బానెట్టుపై పెట్టే పసుపు, కుంకుమ, నిమ్మరసం ఎండిపోకముందే కడగడం మంచిది. నిమ్మరసం ఆమ్లం, కుంకుమలో రసాయన రంగు ఉండవచ్చును. పసుపు మరక మాత్రం ఎండకు దానంతట అదే వెలిసిపోతుంది కనుక దానిని తోమి తీయవలసిన పనిలేదు.

ఇంటివద్ద పాలిష్ చేయు విధానం

తెల్లవారుజామున గాని, సాయంత్రం రేకు చల్లబడిన తరువాత గాని, నీడలో పని ప్రారంభించాలి. అరచేతిని రేకుపై నిశ్చింతగా ఉంచగలిగినంత చల్లగా ఉండటం కొలత. ముందుగా నీరు చల్లి ధూళిని జారనిచ్చి, పైనుండి క్రిందికి కారు షాంపూతో కడుగుతారు. బట్టల సబ్బుపొడి వాడరాదు. దాని క్షారగుణం మైనాన్ని పోగొడుతుంది. డీజిలు, కిరోసిన్ కలిపిన గుడ్డతో తుడిస్తే వచ్చే మెరుపు నూనె మెరుపే. అది ఆ రోజే ధూళిని పట్టుకొంటుంది, రబ్బరు పట్టీలను కూడా చెడగొడుతుంది.

ఎండిన నీటి మచ్చలపై సమభాగం నీరు కలిపిన తెల్ల వెనిగరును ఒకటి రెండు నిమిషాలు ఉంచి కడిగివేయవచ్చును. తరువాత అరచేతికి పలుచని ప్లాస్టిక్ సంచి తొడిగి రేకుపై తడిమితే గరుకు తెలుస్తుంది. ఈ గరుకును క్లే అనే జిగట ముద్దతో, షాంపూ నీరు చల్లుతూ తొలగిస్తారు. ముద్ద నేలపై పడితే దానిని పారవేయడమే మేలు. ఒక్క రాతి రేణువు బానెట్టు అంతటా గీతలు పెట్టగలదు.

పాలిష్‌కు ముందు గీతల లోతును గమనించాలి. గోరు అడ్డంగా లాగినప్పుడు తగిలే గీత పాలిష్‌తో పోదు. అటువంటి గీత కోసం చుట్టుపక్కల పూతనంతా అరగదీయడం తెలివితక్కువ. మొదట రెండడుగుల చదరంలో, అన్నిటికంటే మెత్తని పాలిష్‌తో, మెత్తని ఫోము ప్యాడుతో పరీక్షించి, ఫలితం చాలనప్పుడే ముతక రకానికి వెళ్ళాలి. రాతిపనిలో ముతక నుండి నున్ననకు వస్తారు. ఇక్కడ ఎంపిక నున్నన నుండి మొదలవుతుంది, ఎందుకంటే అరిగిపోవుటకు రాతికి ఉన్నంత మందం రంగుకు లేదు.

ఇంటి వాడుకకు తిరుగుతూ ఊగే డ్యూయల్ యాక్షన్ యంత్రం సురక్షితం. ఒకే కేంద్రం చుట్టూ తిరిగే రోటరీ యంత్రం అనుభవం లేనివారి చేతిలో క్షణాలలో అంచులను కాల్చివేస్తుంది. తలుపుల అంచులు, బానెట్టు మడతల వద్ద పూత పలుచగా ఉంటుంది కనుక అక్కడ టేపు అంటిస్తారు. ప్లాస్టిక్ బంపరు వేడిని త్వరగా వదలదు కాబట్టి దానిపై యంత్రాన్ని ఒకచోట నిలుపరాదు. చేతితో రుద్దితే ఫలితం పరిమితమే అయినా ప్రమాదం తక్కువ. ఒకటి రెండు చోట్ల గీతలకు అది చాలును.

ఒక్కొక్క భాగంలో మూడు నాలుగు పర్యాయాలు నిలువుగా, అడ్డంగా యంత్రాన్ని నడిపి, మిగిలిన పాలిష్‌ను శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డతో తీస్తారు. ఎండ వేడికి పాలిష్ త్వరగా ఎండిపోతుంది. ఎండిన పొడిని రుద్దితే మరల గీతలే. మైనాన్ని ఎంత పలుచగా పూస్తే అంత మంచిది. మందంగా పూసినది గుడ్డకు అంటి పోవడమే తప్ప కారుకు దక్కదు.

మినహాయింపులు

మెరుపులేని మ్యాట్ రంగును పాలిష్ చేయరాదు. చేస్తే అక్కడక్కడ మెరుపు మచ్చలు పడతాయి. ప్రమాదం తరువాత షెడ్డులో రంగు వేయించిన భాగాలలో పూత మందం, గట్టిదనం కంపెనీ పూతతో సమానంగా ఉండవు. అటువంటి కొత్త రంగులోని ద్రావకాలు పూర్తిగా ఆవిరయ్యేవరకు, సాధారణంగా నెల నుండి రెండు నెలలు, మైనం పూయకుండా ఆగుతారు. పాత కారు కొనేటప్పుడు మందం కొలిచే పరికరంతో ఈ తేడాను గుర్తించవచ్చును. బాగా తక్కువ కొలత వచ్చిన కారు ఎంత మెరుస్తున్నప్పటికీ, ఆ మెరుపు కోసం ముందు యజమానులు దాని క్లియర్ కోటును ఖర్చుపెట్టారని అర్థం.