గోడకి కన్నం, దానికో మాడ్యూలు

1995లో జావాస్క్రిప్టు పుట్టిన కొన్నాళ్ళకే నెట్‌స్కేప్ వాళ్ళు ఓ గోడ కట్టారు: ఒక డొమైన్ పేజీ ఇంకో డొమైన్ పేజీలోకి తొంగిచూడకూడదు. భద్రతకి మంచిదే, మన పనికే చిక్కు! ఐఫ్రేము అడ్రసులో # తర్వాత కబురు రాసి, అవతల టైమరు పెట్టి చదువుకునేవాళ్ళం.

2008లో ఫైర్‌ఫాక్స్ 3, 2009లో ఐఈ 8 పోస్ట్‌మెసేజ్ తెచ్చాయి. పాత బ్రౌజర్ల తంటాలని ఈజీఎక్స్‌డీఎం లాంటి లైబ్రరీలు లోపల దాచేశాయి.

నేనూ కర్మన్‌ఘాట్‌లో ఇంట్లో కూచుని అలాంటి మాడ్యూలొకటి రాశా. కబురు ఎవరికన్నచోట '*' పెట్టా, అంటే ఆ ఫ్రేములో ఎవరున్నా చదువుకోవచ్చన్నమాట. డెమో ఆడింది. ఆర్నెల్లలో మూడు ప్రాజెక్టుల్లోకి పాకింది, చుక్కతో సహా. మా వాచ్‌మన్ కూడా ఎవరింటికని అడిగేగా పంపేది!

ఆ బ్రౌజర్లు పోయాయి, ఆ లైబ్రరీల అవసరమూ తీరింది. ఎవరికి పంపాలి, ఎవరి మాట నమ్మాలి అన్నది మాత్రం ఏ మాడ్యూలుకీ తెలీదు. మనమే చెప్పాలి.